ఇంటర్ ఫిజిక్స్‌లో రెండేళ్లు ఏం నేర్పుతారు? పదిలో బాగా చదివినవాళ్లు మొదట్లోనే ఎందుకు తడబడతారు?

మీరు అడిగింది ఇదీ: పదిలో మంచి మార్కులు తెచ్చుకున్న అబ్బాయి ఎంపీసీలో చేరాడు, మూడు నెలలు తిరక్కుండానే ఫిజిక్స్ బుర్రకెక్కట్లేదంటున్నాడు. మీరేమో కామర్స్ చదివారు. పుస్తకం తిరగేసినా అందులో ఏం నేర్పుతున్నారో, ఎక్కడ తేడా కొడుతోందో తెలియడం లేదు. ట్యూషన్ పెట్టించాలా అని కూడా అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్నాను. ఏటా వానాకాలం ముగిసేసరికి ఇదే ప్రశ్నతో ఎవరో ఒకరు స్టాఫ్ రూమ్ దాకా వస్తూనే ఉంటారు. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. మీది తెలంగాణ బోర్డు అన్నారు కాబట్టి దాన్ని బట్టే చెప్తాను. ఆంధ్రలో ఈ మధ్య పేపర్ల పద్ధతి మారింది గానీ, పాఠాల సారం రెండుచోట్లా ఇంచుమించు ఒకటే.

ముందుగా ఒక మాట. పదో తరగతి సైన్స్ మార్కులు చూసి ఫస్టియర్ ఫిజిక్స్ ఎలా ఉంటుందో అంచనా వేయకండి. పదిలో భౌతికశాస్త్రం అంటే ఎక్కువ భాగం కాంతి, కటకాలు, కన్ను, కరెంటు, అయస్కాంతం. ఇవి ఇంటర్‌లో మళ్లీ కనిపించేది సెకండియర్‌లో. ఫస్టియర్ మొదలయ్యేది చలనంతో, న్యూటన్ నియమాలతో. వాటిని పిల్లలు చదివింది తొమ్మిదిలో. తొమ్మిదికి పబ్లిక్ పరీక్ష లేదు కదా, చాలా స్కూళ్లలో ఆ ఏడాది చివరికే పదో తరగతి సిలబస్ ఎత్తుకుంటారు. అంటే మీవాడు గట్టిగా చదివిన పాఠాలు ఇప్పుడు అక్కరకు రావు. అక్కరకొచ్చే పాఠాలేమో చదివి రెండేళ్లయింది, అదీ అరకొరగా.

ఇంకో తిరకాసు లెక్కలది. జూన్, జూలైలోనే ఫిజిక్స్ సార్ బోర్డు మీద డీఎక్స్ బై డీటీ అని రాసి, 'ఇదే తక్షణ వేగం' అంటాడు. ఆ డీ ఏమిటో మ్యాథ్స్ క్లాసులో చెప్పేది ఫస్టియర్ రెండో పేపరు 1బీలో అవకలనం (డిఫరెన్షియేషన్) వచ్చినప్పుడు, అంటే చాలా కాలేజీల్లో దసరా దాటాక. సమాకలనం (ఇంటిగ్రేషన్) సంగతైతే ఇంకా దూరం, సెకండియర్ 2బీ దాకా రాదు. ఫిజిక్స్‌లో మాత్రం పని అనే పాఠంలోనే ఆ గుర్తు వచ్చేస్తుంది. సదిశలు (వెక్టర్లు) మొదటి పేపరు 1ఏలో ఉన్నాయి గానీ, ఫిజిక్స్‌కు కావలసిన సమయానికి అక్కడ ఇంకా మాత్రికలు నడుస్తుంటాయి. పిల్లవాడికి అర్థం కానిది చాలాసార్లు ఫిజిక్స్ కాదు, ఇంకా నేర్పని లెక్క. అది వాడికి తెలియదు కాబట్టి 'నాకు ఫిజిక్స్ రాదు' అనుకుంటాడు. నా లెక్కలో ఫస్టియర్ కష్టాల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయి.

దీనికోసం అవకలనం, సమాకలనం మొత్తం ముందే నేర్పక్కర్లేదు. మూడు విషయాలు చాలు. గ్రాఫ్‌కు వాలు ఎలా కనుక్కోవాలి, గ్రాఫ్ కింద వైశాల్యం ఎలా కనుక్కోవాలి, ఏటవాలుగా ఉన్న బలాన్ని అడ్డంగా, నిలువుగా రెండు ముక్కలు ఎలా చేయాలి. వేగం-కాలం గ్రాఫ్‌లో వాలు త్వరణం, కింద వైశాల్యం స్థానభ్రంశం. ఈ ఒక్క వాక్యం నిజంగా అర్థమైనవాడికి అవకలనం, సమాకలనం గుర్తులు చూస్తే భయం వేయదు. ఇక ముక్కలు చేయడం అంటారా, నేలకు 60 డిగ్రీల కోణంలో 10 న్యూటన్ల బలంతో తాడు లాగితే అడ్డంగా పనిచేసేది 5 న్యూటన్లు, పైకి పనిచేసేది 8.66 న్యూటన్లు. కొసైన్ ఎక్కడ, సైన్ ఎక్కడ అని తడుముకోకుండా రాయగలగాలి. పదిలో త్రికోణమితి చదివాడు కాబట్టి వారం రోజులు రోజూ కాసేపు కూర్చుంటే వచ్చేస్తుంది.

మీరు కామర్స్ అయినా ఒక ప్రశ్నతో వాణ్ని పరీక్షించవచ్చు. బండి సగం దూరం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, మిగతా సగం 60తో పోయింది. సగటు వేగం ఎంత? ఠక్కున 50 అంటే పాఠం చదివాడు గానీ దిగలేదని అర్థం. సగం దూరం 120 కిలోమీటర్లు అనుకోండి, మొదటి సగానికి 3 గంటలు, రెండో సగానికి 2 గంటలు. 240ని 5తో భాగిస్తే 48. సగటు వేగం అంటే రెండు వేగాల సగటు కాదు, మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించడం. ఫార్ములా వాడికి తెలిసే ఉంటుంది, కానీ తొందరలో చెయ్యి కూడిక, భాగహారం మీదికి పోతుంది. ఎంట్రన్స్ పరీక్షల్లో ఇలాంటిచోటే వల వేస్తారు.

ఫస్టియర్ మొత్తంలో గుండెకాయ లాంటి పాఠం ఏదంటే గమన నియమాలు అంటాను. 'ఎఫ్ = ఎంఏ' (బలం = ద్రవ్యరాశి × త్వరణం) అని తొమ్మిదో తరగతి పిల్లాడు కూడా అప్పజెప్తాడు. ఇంటర్‌లో నేర్పేది ఆ ఎఫ్‌లోకి ఏవి వస్తాయో, ఏవి రావో తేల్చుకోవడం. దీనికి ఫ్రీ బాడీ డయాగ్రమ్ అని ఒకటి గీయిస్తాం. పిల్లలు ఎఫ్‌బీడీ అంటారు. ఒక వస్తువును మిగతా లోకం నుంచి విడదీసి, దాని మీద పడే బలాలను మాత్రమే బాణాలుగా గీయాలి.

నేను ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. బల్ల మీద పుస్తకం ఉంది. భూమి దాన్ని కిందికి లాగుతోంది, బల్ల పైకి నెడుతోంది. ఇంతవరకూ అందరూ చెప్తారు. 'మరి ఈ రెండూ చర్య, ప్రతిచర్యలేనా?' అనగానే క్లాసులో ముప్పాతిక మంది అవునంటారు. కాదు. చర్య, ప్రతిచర్య ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటాయి. భూమి పుస్తకాన్ని లాగితే దానికి ప్రతిచర్య పుస్తకం భూమిని లాగడం. బల్ల పుస్తకాన్ని పైకి నెడితే దానికి ప్రతిచర్య పుస్తకం బల్లను నొక్కడం. బరువూ, బల్ల నెట్టే బలమూ ఇక్కడ సమానమైంది పుస్తకం కదలకుండా ఉంది కాబట్టి, న్యూటన్ మూడో నియమం వల్ల కాదు.

నమ్మకపోతే లిఫ్టులోకి తీసుకెళ్తాను. 50 కిలోల మనిషి లిఫ్టులో వేయింగ్ మెషీన్ మీద నిలబడ్డాడు. లిఫ్టు పైకి 2 మీ/సె² త్వరణంతో లేచింది. అతన్ని కూడా అదే త్వరణంతో పైకి లేపాలంటే మెషీన్ 50 × (9.8 + 2), అంటే 590 న్యూటన్ల బలంతో నెట్టాలి. ముల్లు 60 కిలోలు దాటి చూపిస్తుంది. భూమి లాగే బలం మాత్రం అదే 490 న్యూటన్లు, అందులో తేడా ఏమీ రాలేదు. రెండూ చర్య, ప్రతిచర్యలైతే ఎప్పుడూ సమానంగానే ఉండాలి కదా? ఇక్కడ లేవు. ఈ చర్చ జరిగిన రోజు క్లాసు గోలగోలగా ఉంటుంది, నాకు ఏడాదిలో ఇష్టమైన క్లాసు అదే. కానీ దీనికి ఒక పీరియడ్ మొత్తం పోతుంది. సిలబస్ పరుగులో ఉన్న కాలేజీల్లో ఆ పీరియడ్ దొరకదు. నియమం, ఫార్ములా, నాలుగు ప్రాబ్లమ్స్, తర్వాతి పాఠం, అంతే.

పని, శక్తి పాఠం నిజానికి పిల్లల్ని ఊపిరి పీల్చుకోనిచ్చే పాఠం. బలాలతో చేస్తే పేజీ నిండే లెక్క, శక్తి నిత్యత్వంతో, అంటే మొత్తం శక్తి మారదనే నియమంతో, రెండు లైన్లలో తేలిపోతుంది. ఒకే మేడ మీద నుంచి ఒకే వడితో ఒక బంతిని పైకి, ఒకదాన్ని కిందికి, ఒకదాన్ని అడ్డంగా విసిరితే నేలను తాకేటప్పుడు మూడింటి వడీ ఒకటే, గాలి నిరోధాన్ని వదిలేస్తే. సూత్రం తెలిసినవాడు కలం పట్టకుండా చెప్తాడు.

ఆ తర్వాత వచ్చే భ్రమణ గమనం మాత్రం అందరికీ కొరుకుడు పడదు. అది ఫస్టియర్‌లో అతి కష్టమైన పాఠం, మీవాడు అక్కడ తడబడితే తిట్టకండి. ద్రవ్యరాశి ఎంత అనేదే కాకుండా అది అక్షానికి ఎంత దూరంలో పరుచుకుని ఉందో కూడా లెక్కలోకి వస్తుంది. దాన్నే జడత్వ భ్రామకం అంటాం. ఇంట్లో చేసి చూపించొచ్చు. పీట ఒకవైపు ఎత్తి వాలుగా పెట్టి, పైనుంచి ఒక గోళీని, ఒక చేతి గాజును ఒకేసారి వదలండి. గోళీయే ముందు కిందికి చేరుతుంది. పెద్ద గోళీ అయినా, చిన్న గోళీ అయినా, గాజు బరువైనా, తేలికైనా ఫలితం మారదు. జారకుండా దొర్లితే గోళీ త్వరణం, నునుపైన వాలు మీద జారే వస్తువు త్వరణంలో ఏడింట ఐదు వంతులు. గాజుకు సగమే. గాజులో ద్రవ్యమంతా అంచునే ఉంది కాబట్టి దాన్ని తిప్పడానికే శక్తిలో ఎక్కువ వాటా పోతుంది. పుస్తకంలో ఇది ఒక ఫార్ములాగా ఉంటుంది. గోళీ, గాజు చూసినవాడికి ఆ ఫార్ములాలో ద్రవ్యరాశి ఎలా పరుచుకుందో ఎందుకు వస్తుందో తెలుస్తుంది.

ఫస్టియర్‌లో మిగతావి వరసగా చెప్పేస్తాను. డోలనాలు, గురుత్వాకర్షణ, ఘనపదార్థాల స్థితిస్థాపకత, ప్రవాహులు, ఉష్ణం, ఉష్ణగతిక శాస్త్రం, వాయువుల అణుచలన సిద్ధాంతం. గురుత్వాకర్షణలో పలాయన వేగం (భూమి ఆకర్షణను దాటిపోవడానికి కావలసిన వేగం) 11.2 కి.మీ./సె., భూస్థావర ఉపగ్రహం (ఎప్పుడూ ఒకే చోటు పైన నిలిచినట్టు కనిపించేది) దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఎందుకుండాలి లాంటివి వస్తాయి. పిల్లలకు ఈ పాఠం నచ్చుతుంది. శ్రీహరికోట దగ్గర భూమి తన చుట్టూ తాను తిరిగే వేగమే సెకనుకు 450 మీటర్లదాకా ఉంటుందని, జీఎస్‌ఎల్‌వీ లాంటి రాకెట్లను తూర్పుకు పంపేది ఆ వేగాన్ని ఉచితంగా వాడుకోవడానికేనని చెప్తే వెనక బెంచీ కూడా తలెత్తుతుంది. ఉష్ణం పాఠాలు కాస్త చప్పగా ఉంటాయి గానీ మార్కులు తేలిగ్గా వచ్చేవి అవే. ఉష్ణగతిక శాస్త్రం రెండో నియమం, కార్నో ఇంజిన్ బోర్డు పరీక్షలో ఎనిమిది మార్కుల ప్రశ్నగా తరచూ వస్తుంటాయి.

సెకండియర్‌లో తరంగాలు, కాంతి, ఆ తర్వాత పుస్తకంలో పెద్ద భాగం విద్యుత్తు, అయస్కాంతత్వం, చివర్లో పరమాణువు, కేంద్రకం, అర్ధవాహకాలు. కాంతి, కరెంటు పదిలో చదివిందే కాబట్టి చాలామందికి ఫస్టియర్ కంటే సెకండియర్ నయమనిపిస్తుంది. ఒక్క స్థిర విద్యుత్ దగ్గర ఆగుతారు. క్షేత్రం, పొటెన్షియల్ అనేవి కంటికి కనపడవు, చేతికి తగలవు. దీనికి మందు ఫస్టియర్‌లోనే ఉంది. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోవడం గురుత్వాకర్షణలోనూ ఉంది, విద్యుత్ ఆవేశాల మధ్య బలాన్ని చెప్పే కూలుంబ్ నియమంలోనూ ఉంది. గురుత్వ స్థితిజశక్తి శ్రద్ధగా చదివినవాడు విద్యుత్ పొటెన్షియల్ దగ్గర కొత్తగా నేర్చుకునేది ఆవేశాలకు రెండు గుర్తులు ఉంటాయన్నదొక్కటే. అలాగే డోలనాల్లోని సరళ హరాత్మక చలనం (లోలకంలా అటూఇటూ ఊగడం) వచ్చినవాడికి తరంగాలు, ఏకాంతర విద్యుత్తు (ఏసీ) సగం వచ్చేసినట్టే. 'ఫస్టియర్ అయిపోయింది, పుస్తకం అటకెక్కించు' అనే అలవాటు ఇక్కడే దెబ్బ తీస్తుంది.

ప్రవాహ విద్యుత్తులో నేను వదలకుండా చేయించే లెక్క గీజర్‌ది. 230 వోల్టులకు 2000 వాట్లు అని గీజర్ మీద రాసి ఉంది. ఊళ్లో వోల్టేజి 180కి పడిపోతే అది ఎన్ని వాట్లు తీసుకుంటుంది? చాలామంది 2000 అనే అంటారు, రాసి ఉంది కదా అని. ఇంకొందరు వోల్టేజి తగ్గింది కాబట్టి కరెంటు పెరుగుతుంది, వాట్లు మారవంటారు. గీజర్‌లో మారనిది నిరోధం. 230 వర్గాన్ని 2000తో భాగిస్తే దాదాపు 26.5 ఓమ్‌లు. ఇప్పుడు 180 వర్గాన్ని దాంతో భాగిస్తే 1225 వాట్లు. వోల్టేజి ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ తగ్గితే వేడి ఐదింట రెండు వంతులదాకా తగ్గిపోయింది. మన ఇంట్లో 230 వోల్టులనేది సగటు వర్గ మూల విలువ (ఆర్ఎంఎస్, ఒక తరహా సగటు) అని, నిజానికి ప్లగ్గులో వోల్టేజి 325 దాకా ఎగసి పడుతుంటుందని ఏకాంతర విద్యుత్ పాఠంలో చెప్తారు. తీగలో ఎలక్ట్రాన్లు నత్తకంటే నెమ్మదిగా కదులుతాయన్నది కూడా పిల్లలు నమ్మరు. 1 చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగలో 1.5 ఆంపియర్లు పోతుంటే ఎలక్ట్రాన్ల అపసర వేగం (తీగ వెంట ముందుకు జరిగే వేగం) సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు. స్విచ్ వేయగానే లైటు వెలిగేది ఎలక్ట్రాన్ అక్కణ్నుంచి పరిగెత్తి వచ్చినందుకు కాదు, క్షేత్రం తీగ పొడవునా దాదాపు కాంతి వేగంతో ఏర్పడినందుకు.

చివరి పాఠాలు చిన్నవి, లెక్కలు తక్కువ. ఐన్‌స్టీన్ 1905లో కాంతి విద్యుత్ ఫలితాన్ని వివరించిన సమీకరణం, 1913 నాటి బోర్ పరమాణు నమూనా, హైడ్రోజన్‌కు 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల అయనీకరణ శక్తి (ఎలక్ట్రాన్‌ను విడదీయడానికి కావలసింది), డయోడు, ఎల్‌ఈడీ. ఎంట్రన్స్‌లో తక్కువ శ్రమతో ఎక్కువ మార్కులు ఇచ్చేవి కూడా ఇవే. కానీ ఇవి వచ్చేసరికి ప్రీఫైనల్స్ హడావుడి మొదలవుతుంది కాబట్టి అందరూ చూసీచూడనట్టు దాటేస్తారు.

ఇక ప్రాక్టికల్స్. వీటి గురించి ఏ తల్లిదండ్రులూ అడగరు, అందుకే నేనే చెప్తున్నాను. ఇన్నాళ్లుగా ఉన్న పద్ధతిలో సెకండియర్ చివర 30 మార్కులకు పరీక్ష పెడతారు. కొన్నిచోట్ల పరీక్షకు కొద్ది రోజుల ముందు ల్యాబ్ తలుపు తీసి, రికార్డు కాపీ కొట్టించి పంపేస్తారు. మార్కులు ఎలాగూ వస్తాయి. కానీ ఫిజిక్స్ అంటే ఏమిటో తెలిసేది అక్కడే.

సరళ లోలకం ప్రయోగమే తీసుకోండి. దారానికి గుండు కట్టి, పొడవు కొలిచి, ఊపి, కాలం చూసి, గురుత్వ త్వరణం లెక్క కట్టాలి. పొడవు ఎక్కణ్నుంచి ఎక్కడికి? దారం బిగించిన చోటు నుంచి గుండు కేంద్రం దాకా. గుండు వ్యాసార్ధం వెర్నియర్‌తో కొలిచి కలపాలి. చాలామంది కొక్కెం దాకా కొలిచి ఆపేస్తారు. ఊపేటప్పుడు కోణం చిన్నదిగా ఉండాలి, లేకపోతే ఆ ఫార్ములాయే వర్తించదు. ఆ తర్వాత అసలు సంగతి. ఒక్క డోలనానికి కాలం చూడమనం, 20 డోలనాలకు చూడమంటాం. ఎందుకు? మీటరు పొడవున్న లోలకానికి ఒక డోలనం 2 సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో మన చెయ్యి 0.2 సెకను అటూఇటూ అవుతుంది. 2 సెకన్లలో 0.2 అంటే 10 శాతం దోషం. ఫార్ములాలో కాలానికి వర్గం ఉంది కాబట్టి జవాబులో అది 20 శాతం అవుతుంది. అప్పుడు 9.8కి బదులు 8 వచ్చినా, 12 వచ్చినా దిక్కులేదు. 20 డోలనాలకు 40 సెకన్లు. అందులో అదే 0.2 సెకను అర శాతం, జవాబులో 1 శాతం. చేతి వణుకు మారలేదు, పరికరం మారలేదు, లెక్కించే పద్ధతి ఒక్కటే మారింది. ప్రమాణాలు, కొలత పాఠంలో దోషాల గురించి పిల్లలు బట్టీపట్టే నాలుగు ఫార్ములాల అసలు అర్థం ఇది. దారం పట్టుకుని ఒకసారి చేసినవాడు మర్చిపోడు. దీనికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. దారం, ఒక బరువైన నట్టు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే ఆదివారం మీ ఇంట్లోనే అవుతుంది. తలుపు చట్రానికి కట్టండి.

పరీక్షల సంగతి రెండు మాటల్లో చెప్తాను. తెలంగాణలో ఇప్పటిదాకా నడుస్తున్న పద్ధతిలో థియరీ పేపరు 60 మార్కులు. రెండు మార్కులవి పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు, ఎనిమిది మార్కులవి మూడింటిలో రెండు. 21 వస్తే పాస్. దీనికి డెరివేషన్లు (ఫార్ములాను మెట్టు మెట్టుగా రాబట్టడం), నిర్వచనాలు రాసి రాసి ప్రాక్టీస్ చేయాల్సిందే, ఆ పని తక్కువదేం కాదు. ఎప్‌సెట్ దారి వేరు. 160 ప్రశ్నల్లో ఫిజిక్స్‌వి 40, మొత్తానికి మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. అక్కడ డెరివేషన్ అడగరు, దాని చివరి లైనును ఎక్కడ వాడాలో అడుగుతారు. ఒకే పిల్లాడు బోర్డులో 58 తెచ్చుకుని ఎప్‌సెట్ ఫిజిక్స్‌లో సగం కూడా దాటకపోవడం మేం చూస్తూనే ఉంటాం. వీకెండ్ టెస్ట్ మార్కులు ఫోన్‌కు మెసేజ్ వచ్చినప్పుడల్లా కంగారుపడకండి. ఆ పేపరు ఏ తరహాదో ముందు అడగండి.

ట్యూషన్ విషయం. ఇప్పుడే వద్దు. కాలేజీ, స్టడీ అవర్ అయ్యేసరికే పిల్లలు అలిసిపోతున్నారు. దాని మీద ఇంకో గంట ఎవరో చెప్తే వినడమే అవుతుంది గానీ, సొంతంగా లెక్క చేసే సమయం ఇంకా తగ్గుతుంది. దసరా సెలవులు దగ్గర్లోనే ఉన్నాయి. ఆ సెలవుల్లో కొత్త పాఠం ముట్టుకోకుండా సదిశలు, గమన నియమాలు, పని-శక్తి మూడే చేయమనండి. తెలుగు అకాడమీ పుస్తకం వెనక ఉన్న ప్రాబ్లమ్స్, పక్కన ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలోని సాధించిన ఉదాహరణలు చాలు. ఎన్‌సీఈఆర్‌టీది వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఉదాహరణకు జవాబు మూసేసి, ముందు ఎఫ్‌బీడీ గీసి, ఆ తర్వాతే ఫార్ములా రాయాలి. బొమ్మ లేకుండా మొదలుపెట్టిన లెక్కను మీరు పక్కన కూర్చుని కొట్టేయొచ్చు, దానికి ఫిజిక్స్ రానక్కర్లేదు.

సెలవులయ్యాక ఒకసారి వాళ్ల ఫిజిక్స్ లెక్చరర్‌ను కలవండి. 'మావాడు ఎలా చదువుతున్నాడు సార్' అని అడిగితే 'పర్లేదండీ, ఇంకా కష్టపడాలి' అనే జవాబే వస్తుంది, నేనూ అదే చెప్తాను. దాని బదులు వాడి టెస్ట్ పేపర్లు రెండు మూడు పట్టుకెళ్లి, తప్పులు లెక్కల దగ్గర పోతున్నాయా, బలాలు గుర్తించే దగ్గర పోతున్నాయా అని అడగండి. పేపరు చూసిన రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. రెండోదైతే, అప్పుడు నెలా రెండు నెలలు ఎవరితోనైనా విడిగా చెప్పించండి. అది కూడా ఆ ఒక్క పాఠానికే.